ఆంధ్ర–ఒడిశా సరిహద్దు పల్లెలకు ఐదేళ్ల అభివృద్ధి ప్రణాళిక ఎలా తయారు చేయాలి

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల అంచున ఉన్న గిరిజన గ్రామాలకు అభివృద్ధి ప్రణాళిక రాయవలసిన బాధ్యత మీ మీద పడిందనుకుందాం. మీరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉద్యోగి కావచ్చు, మండల పరిషత్తు సిబ్బంది కావచ్చు, సర్పంచి కావచ్చు, ఆ కొండల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న స్వచ్ఛంద సంస్థ కార్యకర్త కావచ్చు. మైదాన గ్రామాలకు పనికివచ్చే పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెస్తే అది సగం జీవితాన్ని మాత్రమే చూస్తుంది. ఈ పల్లెల సంత, చుట్టరికం, కూలి, వైద్యం, కొన్నిచోట్ల సాగుభూమి కూడా రాష్ట్ర సరిహద్దు రేఖకు అవతల, ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి, మల్కనగిరి జిల్లాల్లో ఉంటాయి. ఆ అవతలి సగాన్ని లెక్కలోకి తీసుకుంటూనే, ఇవతలి అధికారంతో ఇవతలి డబ్బుతో చేయగలిగిన పనులను ఎలా కూర్చాలన్నదే ఇక్కడి విషయం.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. సరిహద్దు ప్రాంతాల అభివృద్ధి కార్యక్రమం, వైబ్రెంట్ విలేజెస్ కార్యక్రమం అనే పేర్లు వినగానే మన పల్లెలకూ వాటిలో వాటా ఉంటుందని ఆశపడి అర్జీలు రాసేవారు ఉన్నారు. ఆ రెండూ అంతర్జాతీయ సరిహద్దుకు సంబంధించినవి. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న రేఖకు ప్రత్యేక నిధి ఏదీ లేదు. కనుక మీ ప్రణాళిక మామూలు పద్దుల మీదే నిలబడాలి: పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లు, గిరిజన ఉప ప్రణాళిక, రాజ్యాంగం 275(1) అధికరణం కింద వచ్చే కేంద్ర గ్రాంట్లు, గ్రామీణ రహదారుల పథకం, అత్యంత బలహీన తెగల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్, గిరిజన గ్రామాల కోసం 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా కార్యక్రమం. ఏ పనికి ఏ పద్దు అన్నది చివరకు తేల్చుకోవచ్చు. పద్దును ముందు చూసి పనిని వెతికితే, గూడేనికి అక్కర్లేని సామాజిక భవనం ఒకటి లేస్తుంది.

పరిధిని సంతను బట్టి గీయండి

మండలం మ్యాపు తీసుకుని దాని గడిలో ఉన్న గ్రామాలకే ప్రణాళిక రాయడం అలవాటు. ఇక్కడ ఆ పని రెండో దశలో చేయండి. ముందుగా మీ గ్రామాలవారు వారంలో ఏ రోజు ఏ సంతకు వెళతారో తెలుసుకోండి. మాచ్‌ఖండ్ దగ్గర ఒనకడెల్లిలో గురువారం, అరకు నుంచి కొరాపుట్ వెళ్లే దారిలో కుందులిలో శుక్రవారం జరిగే సంతలు ఒడిశా వైపువి. అరకులోనూ శుక్రవారమే సంత. ఒక గూడెం ప్రజలు శుక్రవారం అరకుకు దిగుతారా, కుందులికి నడుస్తారా అన్న ఒక్క ప్రశ్నకు సమాధానం దొరికితే ఆ గూడేనికి దగ్గరి దారి ఏదో, అప్పు ఇచ్చే షావుకారు ఎవరో, జ్వరం వస్తే ముందు ఎక్కడికి పోతారో చాలావరకు తెలిసిపోతుంది. ఒక సంతకు వచ్చే గ్రామాలన్నిటినీ, అవి ఏ రాష్ట్రంలో ఉన్నా, ఒక వలయంగా గీయండి. ప్రణాళిక రాసే గ్రామాలు ఆ వలయంలో మీ వైపు ఉన్నవే అయినా, ఆలోచన మాత్రం వలయం మొత్తం మీద సాగాలి.

సంతలో కనీసం రెండుసార్లు కూర్చోండి: వానలకు ముందు చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు దిగే రోజుల్లో ఒకసారి, పంట చేతికొచ్చాక ఒకసారి. ఉదయం మొదటి బరువు దిగినప్పటి నుంచి మధ్యాహ్నం ఖాళీ అయ్యేదాకా ఉండాలి. ఎవరు ఏ ఊరి నుంచి, ఎంతసేపు నడిచి, ఎంత బరువుతో, ఏ గెడ్డ (కొండవాగు) దాటి వచ్చారో, తిరిగి వెళ్లేటప్పుడు ఏం కొన్నారో రాసుకోండి. ఇళ్లకు వెళ్లి వంద ప్రశ్నల ఫారం నింపించడం కంటే ఇది నమ్మదగిన సమాచారం ఇస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే బుట్టలో ఉన్న సరుకు అబద్ధం చెప్పదు.

ఈ దశలోనే గ్రామాల పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఆంధ్ర రికార్డుల్లో గంజాయిభద్ర అనే గ్రామం ఒడిశా రికార్డుల్లో గంజేయిపదర్. మనం పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు అంటున్నవి వారికి ఫట్టుసెనేరి, ఫగునసెనేరి. ప్రతి ఆవాసానికీ మీ రికార్డులో ఉన్న పేరు, అవతలి రికార్డులో ఉన్న పేరు, ఊరివాళ్లు తమ భాషలో పిలుచుకునే పేరు, అక్షాంశ రేఖాంశాలు అనే నాలుగు గడులు ఉంచండి. రెండు ప్రభుత్వాలు ఒకే గూడేనికి వేరు వేరు పేర్లతో బోరుబావి లెక్క రాసుకున్నా, ఏ లెక్కలోనూ లేని గూడెం ఒకటి మధ్యలో జారిపోయినా, ఈ పట్టికలోనే బయటపడుతుంది.

వివాదంలో ఉన్న గ్రామాలను వేరుగా ఉంచి, వదలకుండా చూడండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచి కొన్నిచోట్ల రేఖ స్పష్టంగా లేదు. సాలూరు మండలానికీ కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ నడుమ ఉన్న కొటియా గ్రామాల వ్యవహారం వీటిలో బాగా తెలిసినది. 21 గ్రామాల మీద రెండు రాష్ట్రాలూ హక్కు చెబుతున్నాయి. 1968లోనే తగవు సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2006లో ఆ దావా ముగిసినా రేఖ మాత్రం తేలలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ఆ గ్రామాల్లో కొన్నింట పంచాయతీ ఎన్నికలు జరపడంతో ఒడిశా మళ్లీ కోర్టు తలుపు తట్టింది.

ఇలాంటి చోట ప్రణాళిక రాసేవారికి పెద్ద ప్రమాదం ఏమిటంటే, ప్రతి పనీ సాక్ష్యంగా మారిపోవడం. మీరు వేసే రోడ్డు, కట్టే అంగన్‌వాడీ, పాతే శంకుస్థాపన ఫలకం రేపు కోర్టులో ఇది మా నేల అనడానికి ఆధారం అవుతాయని అవతలివారు భయపడతారు. ఆ భయం కొద్దీ పనిని ఆపుతారు. అందువల్ల ఈ గ్రామాలకు సంబంధించిన అధ్యాయాన్ని మనుషులకు అందే సేవలతో నింపండి: టీకాలు, గర్భిణుల పరీక్షలు, పౌష్టికాహారం, పింఛను, సంచార వైద్యం. కట్టడాలు, భూమి పట్టాలు, సర్వే రాళ్లు అనే మూడింటి జోలికి న్యాయ సలహా లేకుండా పోవద్దు. ఈ పని ఏ రాష్ట్రపు హక్కుకూ సాక్ష్యం కాదు అన్న ఒక వాక్యాన్ని ఆ అధ్యాయం మొదట్లోనే రాసి, జిల్లా కలెక్టరు ఆమోదం పొందండి. ఆ వాక్యం రాయడానికి పై అధికారి ఒకరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ మాటను అవతలి జిల్లాకు రాసే లేఖలోనైనా చేర్చేలా చూడండి.

ఇక్కడి కుటుంబాల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులు ఉండడం అందరికీ తెలిసిన సంగతే. మీ సర్వేలో మొదటి రోజే ఎన్ని రేషన్ కార్డులు ఉన్నాయని అడగకండి. అడిగితే మిగతా సమాధానాలన్నీ ఆ క్షణం నుంచి వంకరవుతాయి. రెండు కార్డులు ఎందుకు అవసరమయ్యాయో, ఒక్క దాంతో ఏది అందడం లేదో తెలుసుకోవడం మీ పని. కార్డు రద్దు చేయడం వేరే శాఖ పని.

రెండు వైపులా ఉన్న తేడాల పట్టిక వేయండి

ఈ ప్రణాళికకు ఇదే గుండెకాయ కనుక ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. సరిహద్దు మనిషి ప్రతి ఉదయం రెండు ప్రభుత్వాలు ఇచ్చే ధరలను, కూలిని, సేవలను పోల్చుకుని ఎటు అడుగు వేయాలో నిర్ణయించుకుంటాడు. మీరు రాసేది ఆ లెక్కకు ఎదురు పోతే నిలవదు.

కూలితో మొదలుపెట్టండి. ఉపాధి హామీ పనికి 2024-25లో కేంద్రం ప్రకటించిన రోజు కూలి ఆంధ్రప్రదేశ్‌లో 300 రూపాయలు, ఒడిశాలో 254 రూపాయలు. ఒకే కొండకు రెండు పక్కల ఒకే రకం కందకం తవ్వే ఇద్దరికి ఆ ఏడాది 46 రూపాయల తేడా వచ్చింది; ఇలాంటి తేడా ఉన్నప్పుడు, చుట్టరికం ఆసరాగా అవతలివారి పేర్లు ఇవతలి హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్‌లోకి రావడానికి వీలుంటుంది. దీన్ని మోసంగా మాత్రమే చూస్తే మీకు ఏమీ అర్థం కాదు. పనిరోజుల అంచనా వేసేటప్పుడు గ్రామ జనాభాతో పాటు ఈ రాకపోకలనూ లెక్కలోకి తీసుకోండి.

తర్వాత పంట. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ నడుపుతూ, చోడిని (రాగులను) మద్దతు ధరకు కొనే ఏర్పాటు చేసింది. 2024-25లో చోడి మద్దతు ధర క్వింటాలుకు 4290 రూపాయలు. ధర దేశమంతటికీ ఒకటే అయినా, సంచి పట్టుకుని వెళితే కొనే కేంద్రం ఎంత దూరంలో ఉందన్నదే రైతుకు అసలు ధర. అలాగే కాఫీ. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇవతల కొంటుంటే, అవతల ఒడిశా గిరిజన సహకార సంస్థ కొరాపుట్ కాఫీ పేరుతో కొంటోంది. రెండు సంస్థల ధరలనూ, కొనుగోలు మొదలయ్యే తేదీలనూ, డబ్బు చేతికి వచ్చే రోజులనూ పక్కపక్కన రాయండి. ధర పది రూపాయలు తక్కువైనా అక్కడికక్కడే నగదు ఇచ్చే షావుకారు ఎందుకు గెలుస్తున్నాడో మూడో గడి చెబుతుంది.

తల్లుల విషయంలో కూడా తేడా ఉంది. జననీ సురక్ష యోజన కింద ఆసుపత్రిలో ప్రసవించిన గ్రామీణ తల్లికి ఒడిశాలో 1400 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 700 రూపాయలు, ఎందుకంటే ఈ పథకం కొన్ని రాష్ట్రాలను ఆసుపత్రి ప్రసవాల్లో వెనుకబడినవిగా, కొన్నింటిని ముందున్నవిగా విడదీసింది. రెండు రాష్ట్రాలూ సొంతంగా ఇచ్చే సాయాలు దీనికి అదనం, అవి తరచూ మారుతుంటాయి. పట్టిక వేసే నెలలో ఉన్న మొత్తాలను రాసి పక్కన తేదీ వేయండి.

ఈ వరుసలో కులధ్రువీకరణ సమస్యను మరిచిపోవద్దు. షెడ్యూల్డ్ తెగల జాబితా రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం రాష్ట్రానికి ఒకటి. వాల్మీకులు ఆంధ్ర ఏజెన్సీలో ఎస్టీ, ఒడిశాలో ఎస్సీ. ఒక రాష్ట్రంలో పొందిన హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో ప్రయోజనాలు ఇవ్వదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పెళ్లి చేసుకుని గెడ్డ దాటి వచ్చిన కోడలికి ఎన్ని పథకాల్లో చిక్కు వస్తుందో ఒక గూడెంలోనైనా ఇల్లిల్లూ తిరిగి చూడండి. చట్టాన్ని మీరు మార్చలేరు. అయితే ఏ పత్రం ఏ తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలో చెప్పే సహాయ కేంద్రాన్ని, నెలకొకసారి సంత రోజున, తక్కువ ఖర్చుతో నడపవచ్చు.

భూమి చట్టాలను పక్కపక్కన పెట్టి చదవండి

రెండు వైపులా ఎక్కువ భాగం గిరిజనులకు ప్రత్యేక రక్షణలున్న రాజ్యాంగపు అయిదో షెడ్యూలు ప్రాంతమే అయినా నిబంధనలు ఒకటి కావు. ఆంధ్రలో 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణ చట్టానికి 1970లో చేసిన సవరణ, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య బదిలీని కూడా చెల్లకుండా చేసింది. ఒడిశాలో 1956 నాటి ఇలాంటి చట్టం, తర్వాతి సవరణలతో కలిపి, గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా అడ్డుకుంటుంది. ఆంధ్రలో ఉన్నంత విస్తృతమైన నిషేధం అక్కడ లేదు. కాబట్టి గోదాము, పప్పు మిల్లు, పసుపు ఉడికించే యూనిట్ వంటివి ఎవరి పేరున ఏ భూమిలో పెట్టాలో ముందే తేల్చుకోండి. నా సలహా ఏమిటంటే, ఇలాంటి ఆస్తులను మహిళా సంఘాల సమాఖ్య పేరున గానీ పంచాయతీ పేరున గానీ ఉంచి, బయటి వ్యాపారి పెట్టుబడి కోసం ఎదురుచూసే నమూనాను పక్కన పెట్టడం మంచిది.

పోడు భూములకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు వచ్చాయో లేదో గ్రామాల వారీగా చూడండి. వ్యక్తిగత పట్టాలతో ఆగిపోకుండా సామూహిక హక్కుల దరఖాస్తులు వేశారో లేదో కూడా చూడండి. చింత చెట్లు, అడ్డ తీగలు, చీపురు గడ్డి ఉన్న కొండ ఊరందరిదీ కనుక ఈ ప్రాంతపు ఆదాయానికి సామూహిక హక్కే మూలం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం, దానికి ఆంధ్రప్రదేశ్ 2011లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామసభ తీర్మానాలు ప్రణాళికలో అనుబంధంగా ఉండాలి. సంతకాల కోసం పుస్తకం ఇంటింటికీ తిప్పడం గ్రామసభ కాదు.

పనులను నాలుగు కుప్పలుగా వేరుచేయండి

ఇప్పటికి మీ దగ్గర వంద కోరికలు పోగుపడి ఉంటాయి. శాఖల వారీగా కాకుండా, అవతలివారి సమ్మతి ఎంత అవసరమో దాన్ని బట్టి వాటిని వేరుచేయండి.

మొదటి కుప్పలో ఎవరినీ అడగనవసరం లేని పనులు: మన వైపు తాగునీరు, బడి మరమ్మతు, కాఫీ నర్సరీ, చెక్‌డ్యాం. రెండో కుప్పలో ఒక ఫోను, ఒక ఉత్తరం, ఒక తేదీల పట్టిక చాలినవి: మలేరియా మందు పిచికారీ రెండు వైపులా ఒకే వారంలో జరగడం, టీకాల సమాచారం పంచుకోవడం, బడి మానిన పిల్లల పేర్లు ఇచ్చిపుచ్చుకోవడం. మూడో కుప్పలో జిల్లాల స్థాయి ఒప్పందం కావలసినవి: గెడ్డ మీద వంతెన, రోడ్డు కలపడం, అంబులెన్సు రేఖ దాటి రోగిని తీసుకురావడం. నాలుగో కుప్పలో రాష్ట్రాలు, కోర్టులు, ట్రిబ్యునళ్లు తేల్చవలసినవి.

నాలుగో కుప్ప మీద మీ ఐదేళ్లను ఆనించకండి. వంశధార జలాల మీద 2010లో ఏర్పడిన ట్రిబ్యునల్ తుది తీర్పు 2017 సెప్టెంబరులో వచ్చింది. ఆ తగవు అంతకు ముందు దశాబ్దాల నాటిది. ఆ నది మీద కట్టదలచిన నేరడి బ్యారేజీ నీళ్లు వస్తాయని రాసిన ప్రణాళికలన్నీ అన్నేళ్లూ బీరువాల్లో ఉన్నాయి. జంఝావతి నది ప్రాజెక్టు మరో రకం పాఠం. ఒడిశాలో మునిగే భూముల విషయం తెగక ప్రధాన ఆనకట్ట నిలిచిపోతే, 2006లో కొమరాడ మండలంలో రబ్బరు ఆనకట్ట కట్టి, అవతల ముంపు లేనంత మేరకు నీటిని నిలిపి కొంత ఆయకట్టుకు ఇచ్చారు. అది పూర్తి పరిష్కారం కాదు, అయినా తగవు తేలేలోపు రైతుకు కొంత నీరు అందింది. మీ మూడో, నాలుగో కుప్పల్లోని ప్రతి పనికీ ఇలా ప్రశ్నించుకోండి: దీన్ని మొదటి కుప్పలోకి కుదించగలమా? పెద్ద ఎత్తిపోతల బదులు గెడ్డకు అడ్డంగా చిన్న కట్ట, ఉమ్మడి వంతెన బదులు మన ఒడ్డున దాకా వాహనం వచ్చే దారి అనుకుంటే, ఆ కుప్పలు సగానికి సగం తరిగిపోతాయి.

డబ్బులో పెద్ద వాటా మొదటి కుప్పకు, మీ సమయంలో పెద్ద వాటా రెండో కుప్పకు ఇవ్వండి. రెండో కుప్పకు దాదాపు ఖర్చు లేదు, అందుకే ఏ శాఖా దాన్ని తన పనిగా భావించదు.

రోడ్డును పొడవుతో కాక, బరువుతో ఆలోచించండి

రోడ్డు పథకాలన్నీ జనాభా గీటురాయి మీద నడుస్తాయి. ప్రధానమంత్రి గ్రామీణ రహదారుల పథకం మైదానంలో 500 జనాభాతో, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభాతో మొదలైంది. పీఎం జన్‌మన్ అత్యంత బలహీన తెగల ఆవాసాలకు దీన్ని 100కు దించింది. ఒక కొండమీద మూడు గూడేలు విడివిడిగా అర్హత పొందకపోయినా, సమూహంగా చూపితే పొందే అవకాశం ఉంటుంది కనుక మార్గదర్శకాలను జాగ్రత్తగా చదవండి.

దారి ఎటు వేయాలన్నది ఇంకా ముఖ్యం. ప్రతి రాష్ట్రం తన మండల కేంద్రం నుంచి బయలుదేరి రేఖ దగ్గర రోడ్డును ఆపుతుంది. నడిచేవాళ్ల బాట మాత్రం అడ్డంగా, సంతవైపు పోతుంది. బాలిమెల జలాశయం వల్ల తెగిపోయిన మల్కనగిరి జిల్లాలోని 151 గ్రామాలకు 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా తమ జిల్లా కేంద్రానికి నేరుగా దారి లేదు. ఇక మరో కొసన కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం ఉంది. బైలడీల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఆ దారి ఈ కొండల నడుమగా పోతుంది గానీ, దాన్ని గీసినప్పుడు చింతపండు బుట్ట ఎవరి మనసులోనూ లేదు. రాయపూర్–విశాఖ ఆరు వరసల రహదారి, 464 కిలోమీటర్లది, ఇప్పుడు సాలూరు మీదుగా వస్తోంది. దాని దగ్గరి కూడలికి మీ సంత నుంచి వాహనం ఎంతసేపట్లో చేరుతుందో లెక్కవేసి, మధ్యలో అడ్డుపడే గెడ్డకు కల్వర్టు ప్రతిపాదించండి. పెద్ద రహదారి వల్ల వచ్చే లాభమేదైనా ఆ చివరి కల్వర్టు దగ్గరే తేలుతుంది.

వైద్యం, చదువు

వైద్యానికి ఒకే కొలమానం పెట్టుకోండి: ఏడాదిలో ఎన్ని డోలీలు (రోగిని మోసుకెళ్లడానికి కర్రకు కట్టే గుడ్డ ఊయలలు) కట్టారు? ఆశా కార్యకర్తలు, ఊరి పెద్దలు ఈ లెక్క చెప్పగలరు. ఏ గూడెం నుంచి, ఏ నెలలో, ఏ ఆసుపత్రికి, దారిలో ఎన్ని గంటలు అని రాస్తే బైక్ అంబులెన్సు ఎక్కడ నిలపాలో, గర్భిణుల వసతి గృహం ఎక్కడ ఉండాలో దానంతట అదే తేలుతుంది. నెలలు నిండిన గర్భిణిని వానాకాలంలో పది రోజుల ముందే దించి ఉంచడం, రోడ్డు లేని ఐదేళ్లలో మీరు చేయగల అతి ముఖ్యమైన పని. వలయంలో దగ్గరి ఆసుపత్రి కొరాపుట్ వైపు ఉంటే సంకోచం లేకుండా అదే రాయండి. మన ఆశా కార్యకర్త దగ్గర ఆ ఆసుపత్రి ఫోను నంబరు, వారికి ఒడియాలో రాసిన చీటీ ఉండాలి. సికిల్ సెల్ అనే వారసత్వ రక్తవ్యాధి పరీక్షల ఫలితాలు కూడా రోగి చేతిలో రెండు లిపుల్లో ఉండే కార్డుగా ఇవ్వండి.

చదువులో అసలు సమస్య భాష. పిల్లవాడు ఇంట్లో కువీ, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడతాడు, బడిలో తెలుగో ఒడియానో వింటాడు. ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా ఆధారిత బోధన మొదలుపెట్టింది. ఒడిశా కూడా తర్వాత అదే బాట పట్టింది. రెండు వైపులా సవరకు, కువీకి వాచకాలు ఉన్నా ఇక్కడ తెలుగు లిపిలో, అక్కడ ఒడియా లిపిలో ఉన్నాయి. సవరకైతే 1936లో రూపొందిన సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కూడా ఉంది. లిపి తగవులో దిగకుండా బొమ్మలు, కథలు, పాటల ధ్వని ముద్రణలు ఇచ్చిపుచ్చుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం కూర్చినది పర్లాకిమిడిలో ఉండి. ఇప్పుడా ఊరు గజపతి జిల్లా కేంద్రం. ఆ పుస్తకాల మీద రెండు వైపుల ఉపాధ్యాయులకూ సమానమైన హక్కు ఉందని గుర్తుచేస్తే, ఉమ్మడి శిక్షణ శిబిరానికి ఒప్పించడం తేలికవుతుంది.

అవతలివారితో మాట్లాడే దారి

1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద ఏర్పడిన ప్రాంతీయ మండళ్లలో (జోనల్ కౌన్సిళ్లలో) ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో, ఒడిశా తూర్పు మండలిలో ఉన్నాయి. పొరుగు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోవడానికి పెట్టిన వేదికలోనే ఈ ఇద్దరికీ ఒకే బల్ల లేదు. 2021 నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, ప్రధాన కార్యదర్శుల స్థాయి కమిటీ వేయాలని నిర్ణయించారు. పైస్థాయిలో అలాంటివి జరిగితే మంచిదే. మీరు మాత్రం కింది నుంచి మొదలుపెట్టండి. మొదటి ఉమ్మడి సమావేశాన్ని రెవెన్యూ అధికారులతో పెట్టవద్దు, వారు పటాలు తెస్తారు. మలేరియా అధికారులతో, తర్వాత పశువైద్యులతో, ఆ తర్వాత ఉపాధ్యాయులతో పెట్టండి. మూడు నెలలకొకసారి, ఒకసారి ఇవతల, ఒకసారి అవతల. ప్రతి సమావేశానికీ ఒక్క పేజీ మినిట్స్, రెండు భాషల్లో, అదే రోజు సంతకాలతో.

గంజాయి విషయాన్ని ఈ వేదిక మీదకు తేవాలా వద్దా అని అడిగితే, తెచ్చే తీరాలి. ఒక పక్క తోటలు నరికితే సాగు మరో పక్కకు జరుగుతుంది. అయితే పోలీసుల దాడి తేదీలతో మీ ప్రణాళికకు సంబంధం పెట్టుకోకండి. ఆ తోట వేసిన రైతుకు వచ్చే ఏడాది మిరియాలు, రాజ్‌మా, పసుపు విత్తనం ఎవరు ఇస్తారు, కాఫీ మొక్క కాపుకు వచ్చే మూడు నాలుగేళ్లు ఇల్లు ఎలా గడుస్తుంది అన్న రెండు ప్రశ్నలకు లెక్కలతో జవాబు రాయండి.

ఏడాదికి ఒకసారి చూసుకోవడం

కొలమానాలు ఐదారుకు మించనివ్వకండి: డోలీల సంఖ్య, వానాకాలంలో దారి మూసుకుపోయిన రోజులు, సంతలో కిలో చింతపండు ధరకూ సాలూరులో ధరకూ తేడా, రేఖ దాటి వెళ్లి తిరిగి బడిలో చేరిన పిల్లలు, రెండో కుప్పలో నిజంగా జరిగిన పనులు. ఖర్చయిన శాతం అన్నది ఎలాగూ పై కార్యాలయం అడుగుతుంది కనుక వేరుగా రాసుకోండి, దాన్ని ఫలితంతో కలపకండి.

తయారైన ప్రణాళికను నాలుగు పేజీలకు కుదించి తెలుగులో, ఒడియాలో అచ్చు వేయించండి. వానలకు ముందు వచ్చే పెద్ద సంత రోజున, ఉదయం పదింటికి, సరుకు అమ్మకం ముగిసి జనం ఇంకా ఇళ్లకు మళ్లని వేళ చూసి, కువీ తెలిసిన ఒకరితో మైకులో చదివించండి. ఏ పని ఏ గూడేనికి, ఎంత మొత్తం, ఏ నెల లోపు అన్న భాగాన్ని రెండుసార్లు చదివించి, అభ్యంతరం చెప్పినవారి పేరు, ఊరు, మాట అక్కడికక్కడే పుస్తకంలో రాయించుకుని, ఆ పుస్తకాన్ని మరుసటి సంతకు మళ్లీ తీసుకురండి.